ముల్లు ఎర్రగీత దాటితేనే

మార్చి 3

అక్కా,

నేను బాగానే ఉన్నానని మొదలుపెట్టడం నాకు అలవాటు కదా, ఈసారి ఆ ముక్క కాస్త ఆగనీ. నిన్న మా లాండ్రీలో ఏటేటా జరిగే ఆరోగ్య పరీక్ష. బాయిలరు దగ్గర నిలబడేవాడికి కళ్ళూ గుండే బీపీ సరిగ్గా ఉన్నాయని డాక్టరమ్మ సంతకం పెడితేనే పని. ఆవిడ నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. మళ్ళీ కొట్టింది. పది నిమిషాలు బల్ల మీద ఊరికే కూచోబెట్టి మూడోసారి కొట్టింది. నూట డెబ్భై నాలుగు బై నూట నాలుగు అంది.

నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఇనప మెట్లు గబగబా ఎక్కి దిగుతాను. అదే చెప్పాను. "ఏమీ తెలియకపోవడమే దీని గుణం" అంది. రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకోమంది, తనకి చెప్పకుండా ఆపొద్దంది. నెలకి సరిపడా మాత్రలిచ్చి, అవి అయిపోగానే మళ్ళీ రమ్మంది. సంతకం మూడు నెలలకే పెట్టింది. జూన్‌లో మళ్ళీ చూస్తుందట.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముందు కూచున్నవాడి చేతికే ఇప్పుడు గేజి తగిలించారు. మా ఇస్త్రీ రోలరు దగ్గర ఆడవాళ్ళు "ఆవిరి మాస్టారికే ఆవిరి ఎక్కువైంది" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. సాయంత్రం వెళ్ళి ఇంట్లో బీపీ చూసుకునే మిషను కొనుక్కున్నాను. మంచి సరుకు, అంకెలు పెద్దవి.

బావ తుంటి ఎలా ఉంది? నా గురించి బెంగపడకు.

నీ తమ్ముడు


మార్చి 9

ఒరే చిన్నోడా,

బెంగపడకు అని చివర రాస్తే సరిపోతుందా? నీ ఉత్తరం చదివి గుండెల్లో రాయి పడింది. రెండోసారి చదివాక కాస్త కుదుటపడ్డాను. నాకూ ఇదే బీపీ కదా, పదేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను, ఇంకా నిన్ను తిట్టడానికి ఓపిక ఉంది.

రోజూ ఒకే వేళకి వేసుకో. నేను పళ్ళు తోముకోగానే వేసుకుంటాను, అలా అయితే మర్చిపోను. ఒక రోజు తప్పితే తప్పింది, మర్నాడు రెండు కలిపి మింగకు. మంచం దిగేటప్పుడు కాసేపు కూచుని అప్పుడు లే. నడుం నొప్పికి నువ్వు మింగే బిళ్ళలున్నాయే, అవి డాక్టరమ్మకి చూపించాకే వాడు. కొన్ని నొప్పి బిళ్ళలు బీపీని పెంచుతాయని మా ఎదురు మందుల షాపాయన అన్నాడు. ఇంకొకరి మాత్రలు, అవి నావైనా సరే, ముట్టుకోకు.

ఇవన్నీ ఫోనులో చెబుదామంటే నీ చెవుల్ని ఆ బాయిలరు రూము ఎప్పుడో మింగేసింది. బావ జారిపడి తుంటి విరిగిందని నేను ఏడుస్తూ చెబితే "చాలా సంతోషం అక్కా" అన్నావు. అప్పుడే అనుకున్నాను, మనకి ఉత్తరాలే గతి అని.

బావ సంగతి ఏం చెప్పను. ఇన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి, చక్రాల కుర్చీలో కూచోబెట్టి నేను తోస్తుంటే మంచి కాలితో బ్రేకు తొక్కుతున్నాడు. గుమ్మం దగ్గర నోటితో హారను కొడతాడు. అరగంట పక్కకి కదిలితే నన్ను పిలుస్తాడు. ఎవరిదో కోటు రఫూకి వచ్చింది, మోచేతి దగ్గర అర్ధరూపాయంత చిరుగు, నాలుగు రోజులుగా అదే కుడుతున్నాను. ఆయన్ని వదిలి నీ దగ్గరికి రెక్కలు కట్టుకుని వద్దామన్నా వీలు లేదు.

ఈ పార్సిల్లో ఏడు మూతల పెట్టె పంపుతున్నాను. ఒక్కో మూత ఒక్కో రోజు. వారానికోసారి నీ అంకెలు నాకు రాసి పంపు, కళ్ళారా చూసుకుంటాను.

అక్క


మార్చి 27

అక్కా,

పెట్టె అందింది. చాలా పనికొస్తోంది, ఏడు మూతలూ నిండి ఉన్నాయి. నువ్వడిగిన అంకెలు ఇవిగో. సోమవారం 132 బై 84. మంగళవారం 128 బై 80. గురువారం 134 బై 86. శనివారం 126 బై 82. మా డాక్టరమ్మ చూస్తే ముక్కున వేలేసుకోవాలి.

ఇక్కడ పాత నీళ్ళ పంపు మార్చారు. కొత్తది పిల్లిలా నడుస్తుంది, ఆగిపోయినా తెలియదు నాకు. అందుకని దాని మీద చెయ్యి పెట్టి చూస్తుంటాను. చెవులు లేకపోతే చేతులున్నాయి.

బావ హారను శబ్దం ఎలా ఉంటుందో రాయి. ఉత్తరంలోనైనా విందాం.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

ఒరే చిన్నోడా,

నీ అంకెలు చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కాగితం పట్టుకుని చెప్పులు కూడా లేకుండా ఎదురు షాపుకి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి "ఇంత బాగా వస్తున్నాయంటే ఇక దిగుల్లేదమ్మా, మీ తమ్ముడు బుద్ధిమంతుడు" అన్నాడు. నువ్వు బుద్ధిమంతుడివని నా చెవులతో నేను వినడం ఇదే మొదలు.

ఇక నీ విషయంలో నేను నిశ్చింతగా ఉంటాను. బావ ఇవాళ కర్ర పట్టుకుని నిలబడ్డాడు, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు. తరవాత ఇద్దరం ఏడ్చాం, ఎందుకో తెలియదు. హారను "పాం పాం" అని ఉంటుంది, కాకపోతే చివర దగ్గు వస్తుంది.

అక్క


మే 12

అక్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఎండలు, దుప్పట్ల గుట్టలు, ఊపిరి సలపని పని. నాకేం, రాయిలా ఉన్నాను. నువ్వే అన్నావుగా ఇక దిగుల్లేదని.

నీకో తమాషా చెప్పాలి. డాక్టరమ్మ నెలకిచ్చిన ముప్పై మాత్రల్లో ఇంకా పదకొండు మిగిలే ఉన్నాయి! నా పద్ధతి అలాంటిది. పొద్దున లేవగానే మిషను పెట్టి చూస్తాను, నూట నలభై అంకె నాకు గేజి మీది ఎర్రగీత లాంటిది. ముల్లు ఎర్రగీత దాటితేనే మాత్ర. గీత లోపల ఉంటే వాల్వు జోలికి పోను. ముల్లు దిగి ఉన్నప్పుడు ఆవిరి వదిలేవాడు బాయిలరు మనిషి కాడు, పిచ్చివాడు. మాత్ర వేసుకున్న మర్నాడు ఎలాగూ దిగే ఉంటుంది, ఆ రోజు సెలవు. ఒక్కోసారి మూడు నాలుగు రోజులు సెలవు. నీకు పంపిన అంకెలు కూడా అలా సరిచేశాక వచ్చినవే. మేం రిజిస్టరులో అలాగే రాస్తాం, తేడా సర్దాక వచ్చిన అంకె.

నీ పెట్టెలో ఏడు సైజుల పైపు వాషర్లు పెట్టుకున్నాను. ఇంతకుముందు వెతుక్కోలేక చచ్చేవాణ్ణి. ఎంత బాగా పనికొస్తోందో.

నీ తమ్ముడు


మే 17

ఒరే,

వాషర్లు పెట్టుకున్నావా? నేను అది చదివి నవ్వాలో నెత్తీ నోరూ కొట్టుకోవాలో తెలియక కుర్చీలో కూలబడ్డాను. బావ "ఎవరు పోయారు?" అని అడిగాడు.

నీ ముల్లు దిగి ఉండేది మాత్ర లోపల పనిచేస్తున్నందుకురా. అది బాగున్నప్పుడు ఆపితే మళ్ళీ లేస్తుంది, నీకు తెలియను కూడా తెలియదు. నీ బాయిలరుకి గోడలు ఇనపవి. నీ తలలో నరాలు ఇనపవా? ఇలా లేపుతూ దించుతూ ఉంటే ఏదో ఒక రోజు మెదడులోనో గుండెలోనో తెగుతుందని షాపాయన చెప్పాడు. నీ ఉత్తరం ఆయనకి చూపించాను. నువ్వు బుద్ధిమంతుడివన్న మాట వెనక్కి తీసుకున్నాడు.

తప్పు నాది కూడా. దిగుల్లేదు అని రాసింది నేనే. మాత్ర రోజూ వేసుకుంటున్నావా అని ఒక్క ముక్క అడగలేదు. అంకెలు అడిగాను, నువ్వు అంకెలు పంపావు.

రేపటి నుంచి రోజూ ఒక్కటి. ముల్లు ఎక్కడున్నా ఒక్కటే. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చేసిందంతా చెప్పు. వేసుకుంటున్నానని అందిన రోజే రాయి. పది రోజుల్లో జవాబు రాకపోతే మీ ఆఫీసుకి ఫోను చేస్తాను, చెబుతున్నాను.

అక్క


జూన్ 2

అక్కా,

నీ ఉత్తరం నాకు మొన్న అందింది. బాయిలరు లోపల శుభ్రం చేసే పని నడుస్తోంది, పన్నెండు రోజులు అక్కడే పడుకున్నాను, క్వార్టరుకి పోలేదు. తలుపు తీసేసరికి కవరు కింద పడి ఉంది. కానీ అంతకు ముందు రోజే నువ్వు ఫోను చేసేశావు.

మేనేజరు అందరి ముందూ పిలిచాడు. నా చెవుల సంగతి తెలుసు కాబట్టి అరిచి చెప్పాడు. "మీ అక్కగారు ఏడుస్తున్నారు, మీరు బీపీ మాత్రలు వేసుకోవడం లేదట, బాయిలరు మీద ఉండగా ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?" ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతిలో ఒక్క పైపు పగల్లేదు. బాయిలరు రూము తాళం చెవి అక్కడికక్కడే అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు నేను మడత బల్ల దగ్గర దిండు గలీబులు మడత పెడుతున్నాను. రోలరు దగ్గర ఆడవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. నవ్వినా బాగుండేది.

నువ్వు నన్ను పెంచావు, కాదనను. కానీ నా కడుపు మీద కొట్టావు. ఒక మాట నాతో తేల్చుకోకుండా పరాయివాళ్ళకి చెప్పావు.

ఎనిమిదో తేదీన డాక్టరమ్మ మళ్ళీ చూస్తుంది. ఆ రోజు నీకూ మేనేజరుకీ అందరికీ నోళ్ళు పడిపోయే అంకె చూపిస్తాను. ఎలా దించాలో నాకు తెలుసు.

తమ్ముడు


జూన్ 6

చిన్నోడా,

ఇప్పుడే అందింది. బావకి స్నానం చేయిస్తూ మధ్యలో వదిలేసి రాస్తున్నాను, సబ్బు కాగితానికి అంటుతోంది. ఎలా దించాలో తెలుసు అంటే ఏమిట్రా? ఎక్కువ మాత్రలు మింగుతావా? వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు. ఉన్న అంకె చూపించు. ఎక్కువుంటే ఎక్కువుందనీ. ఆవిడ మందు మారుస్తుందో, మోతాదు మారుస్తుందో, అది ఆవిడ పని. ఒక్కసారిగా దించితే తల తిరిగి పడిపోతావు.

ఈ ఉత్తరం పదో తేదీకి గాని అందదని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. మీ ఆఫీసుకి మళ్ళీ ఫోను చేద్దామని రిసీవరు ఎత్తి పెట్టేశాను. మొదటిసారి చేసినందుకే నీకు ఇంత అయింది. మళ్ళీ చేస్తే ఆ మడత బల్ల కూడా పోతుందేమోనని భయం. చెయ్యకపోతే నీకేమవుతుందోనని భయం. ఫోను పక్కనే కూచున్నాను. రెండు చేతులూ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు.

తిట్టు. ఎంతైనా తిట్టు. ఒక్కటే వేసుకో.

అక్క


జూన్ 13

అక్కా,

ఇది నా చేతిరాత కాదు. పక్క మంచం ఆయన కూతురు రాసిపెడుతోంది. నా కుడి మణికట్టు విరిగింది, నుదుటి మీద తొమ్మిది కుట్లు. కంగారు పడకు, చెబుతున్నాను కాబట్టి బతికే ఉన్నాను.

ఏడో తేదీ పొద్దున మిషను పెడితే నూట అరవై ఎనిమిది. ఎనిమిదిన లేవగానే మూడు మాత్రలు కలిపి మింగాను. డాక్టరమ్మ చూసేసరికి నూట పద్దెనిమిది. "రోజూ వేసుకుంటున్నారా?" అంది. వేసుకుంటున్నానన్నాను. మంచిదని సంతకం పెట్టింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇనప మెట్లు దిగుతున్నాను, అప్పటికి బీపీ ఇంకా దిగుతూనే ఉందట. నాలుగో మెట్టు దాకా గుర్తుంది.

ఆస్పత్రిలో అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. "నాతో అబద్ధమాడితే నేను ఏ అంకె చూసి మందివ్వను?" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. సంతకం రద్దయింది. బాయిలరుకి కొత్త మనిషి వచ్చాడు. చెయ్యి నయమయ్యాక నాకు మడత బల్లే.

నీ ఆరో తేదీ ఉత్తరం మా వాచ్‌మన్ ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. ఈ అమ్మాయి చేతనే చదివించుకున్నాను. కాళ్ళు పట్టుకుంటానన్న చోట ఆ పిల్ల చదవడం ఆపేసింది. నేను మళ్ళీ చదవమన్నాను. నిన్ను అన్న మాటకి సిగ్గుగా ఉంది. వేరే మాత్ర రాశారు, రోజుకొకటి. అదైనా సరిగ్గా వేసుకుంటానో లేదో నా మీద నాకే నమ్మకం లేదక్కా.

తమ్ముడు


జూన్ 18

నాన్నా చిన్నోడా,

నేను ఫోను చెయ్యకపోయి ఉంటే నువ్వు మూడు మింగేవాడివి కాదు. చెయ్యకపోయి ఉంటే అలాగే ముల్లు చూసుకుంటూ ఏ రోజో బాయిలరు ముందే పడిపోయేవాడివేమో. ఎటు తిప్పి చూసినా నాకు దారి కనిపించడం లేదు. బావ "నీ తప్పు లేదు" అంటాడు. ఆయన మంచంలో ఉండి అందరినీ క్షమిస్తాడు.

నీకో నిజం చెప్పాలి. బావ పడ్డ వారంలో నేను నాలుగు రోజులు మాత్ర వేసుకోలేదు. మర్చిపోయాను. పళ్ళు తోముకోగానే వేసుకుంటానని నీకు గొప్పగా రాశాను చూడు, అప్పటికి అది జరిగి నెల కూడా కాలేదు. నీకు పాఠాలు చెబుతూ నా సంగతి దాచాను.

అందుకని ఇద్దరం ఒక పని చేద్దాం. రోజూ ఒక కార్డు. అంకెలు వద్దు, నీ మిషను కబుర్లూ వద్దు. వేసుకున్నాను అని ఒక్క మాట. నేనూ రాస్తాను. కార్డు అందడానికి నాలుగు రోజులు పడుతుంది. అంటే నాలుగు రోజుల కిందట నువ్వు మాత్ర వేసుకున్నావని మాత్రమే నాకు తెలుస్తుంది, ఇవాళ సంగతి తెలియదు. ఆ మాత్రమైనా తెలియనీ. ఇంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

అక్క


జూన్ 24

అక్కా, వేసుకున్నాను. ఎడమ చేత్తో రాస్తున్నాను.


జూన్ 24

చిన్నోడా, వేసుకున్నాను. బావ వంటింటి దాకా నడిచి, నీళ్ళు తాగి, మళ్ళీ నడిచాడు.


జూన్ 27

అక్కా, వేసుకున్నాను. లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూచున్నాను.


జూన్ 28

అక్కా, వేసుకున్నాను. ఇవాళ ఇంటికి పంపించారు.


జూలై 3

చిన్నోడా,

ఇరవై ఎనిమిదో తేదీ కార్డు నిన్న వచ్చింది. ఇరవై తొమ్మిదోది ఇవాళ రావాలి, రాలేదు. పోస్టుమాన్ చేత సంచీ మొత్తం వెతికించాను. ఆయన విసుక్కోలేదు, పాపం, అన్ని కవర్లూ రెండుసార్లు తిప్పి చూశాడు. ఇంటికి వచ్చిన మొదటి రోజే కార్డు లేదు. ఆస్పత్రిలో అయితే నర్సు మాత్ర తెచ్చి చేతికిచ్చేది. ఇంట్లో ఎవరున్నారు నీకు?

పోస్టులో పోయిందేమో అంటాడు బావ. పోయిందనే అనుకుంటున్నాను. అనుకుంటూ పొద్దుటి నుంచి పదిసార్లు గుమ్మంలోకి వెళ్ళాను. ఈ ఉత్తరం నీకు ఏడో తేదీకి అందుతుంది. అప్పటికి ఇది ఎందుకు రాశానో నీకు అర్థం కూడా కాకపోవచ్చు. అలా అయితేనే మంచిది.

నేను వేసుకున్నాను.

అక్క


జూన్ 30 (అక్కకి జూలై 4న అందిన కార్డు)

అక్కా, నిన్న మర్చిపోయాను. వేసుకున్నానని కార్డు రాసి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి, చించేశాను. ఇవాళ ఒక్కటే వేసుకున్నాను. రెండు కాదు.